పొగ లేని నిప్పు

మా రెండోవాడు విశాఖపట్నంలో ఇల్లు కట్టుకుని పెరట్లో ఒక ఇనప పీపా పెట్టాడు. పీపా అంటే వాడికి కోపం, స్మోకర్ అనాలట. దానికి కాళ్ళున్నాయి, చక్రాలున్నాయి, మూత మీద వేడి చూపించే ముల్లుంది, అడుగున గాలి దూరడానికి తిప్పుకునే రేకుంది. ఓ ఆదివారం నన్ను రమ్మని, పొద్దున్నే మాంసం అందులో పెడితే సాయంత్రానికి వెన్నలా ఉడుకుతుందని ఊరించాడు. కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను. వాడు బొగ్గుల మీద ఏదో నూనె గుమ్మరించి అగ్గిపుల్ల గీశాడు. మంట నిలువెత్తు లేచింది, వాడు రెండడుగులు వెనక్కి గెంతాడు. మంట తగ్గాక తడి చెక్కముక్కలు పడేశాడు. గుప్పుగుప్పున తెల్లపొగ. అందులోనే మాంసం పెట్టబోతుంటే ఇక ఉండబట్టలేక, "ఆగరా, ఆ పొగలో పెడితే చేదెక్కుతుంది. తెల్లదనం పోనీ, పొగ పల్చబడి నీలంగా రానీ, అప్పుడు పెట్టు" అన్నాను. వాడు ఫోనులో ఏదో చదివి, "అమ్మా, ఇందులోనూ అదే రాశారు!" అన్నాడు, నేనేదో చూసి కాపీ కొట్టినట్టు. ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన పంతులమ్మకి నిప్పు గురించి ఏం తెలుస్తుందని వాడి ధీమా.

పీపాతో వచ్చిన చిన్న పుస్తకం బల్ల మీద పడి ఉంది. తిరగేస్తుంటే ఒక బొమ్మ కనబడింది. ఇల్లు, ఇంట్లో నిప్పు, ఆ రెండిటి మీదా ఎర్రగా అడ్డగీత. ఏమిటని అడిగాను. "ఇంటి లోపల పెట్టకూడదమ్మా. బొగ్గుల్లోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. కంటికి కనపడదు, వాసన ఉండదు. పొగే లేకపోయినా వస్తుంది. తలుపులు మూసి ఉంటే ముందు తల బరువెక్కుతుంది, కళ్ళు తిరుగుతాయి, వాంతి, నిద్ర. అంతే ఇంక" అన్నాడు వాడు, చేతులకి అంటిన మసాలా కడుక్కుంటూ. మనిషి ఎలా ఉంటాడు అప్పుడు, అని అడిగాను. వాడికి నా ప్రశ్న అర్థం కాలేదు. మళ్ళీ ఫోను చూసి, "బుగ్గలు ఎర్రబడతాయట. చూసేవాళ్ళకి నిద్రపోతున్నట్టే ఉంటుందట" అన్నాడు. సాయంత్రం మాంసం బ్రహ్మాండంగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. చెరిగిపోయిందనుకున్న ఒక పసివాడి ముఖం యాభై ఏళ్ళకి పైగా దాటుకుని వచ్చి నా కంచం ముందు కూర్చుంది.

మాది కళింగపట్నం పక్కన, వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, చేపలు పట్టుకు బతికేవాళ్ళ పేట. నా చిన్నతనం అంటే అరవైల చివరి మాట. కరెంటు స్తంభాలు రోడ్డు దాకా వచ్చి మా పేటని చూసి ఆగిపోయాయి. తాటాకు ఇళ్ళు, ఇసక వాకిళ్ళు, ఎక్కడ నిలబడ్డా ఎండుచేప వాసన. ఆ వాసన మాకు తెలిసేది కాదు, నరసన్నపేట బడికి వెళ్ళాక తోటి పిల్లలు ముక్కు మూసుకుంటే తెలిసింది. నాన్న వేటకి వెళ్ళేవాడు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని సంతలకి వెళ్ళేది. ఇంటి దగ్గర మా నానమ్మ రాజ్యం, ఆ రాజ్యంలో నేను ఒక్కదాన్నే ప్రజ. పదమూడేళ్ళ దాన్ని. చేప పడని రోజు బడి, పడిన రోజు నానమ్మ చేతి కింద పని.

ఎండ కాసినన్నాళ్ళూ చేపకి దిగుల్లేదు. ఉప్పు పట్టించి ఇసకలో పరిచి, కాకుల్ని తోలుతూ కూర్చుంటే చాలు. ముసురు పట్టిందంటే మాత్రం చేపకి పురుగు పడుతుంది. అప్పుడు దాన్ని కాపాడేది పొగ ఒక్కటే. అందుకని మా పెరట్లో పొగగూడు ఉండేది. నడుమెత్తు మట్టిగోడ, గుండ్రంగా, మా నానమ్మ తన చేత్తో కట్టి, ఏటేటా అలికినది. అడుగున జానెడు నోరు. పైన వెదురు బద్దలు. కడిగి ఉప్పు పట్టించిన కవళ్ళూ కానాగంతలూ మొప్పల్లోంచి కొబ్బరి ఈనెలకి గుచ్చి ఆ బద్దలకి వేలాడదీసి, పైన తడిపిన గోనెపట్టా కప్పేవాళ్ళం. దాని మీదో తాటాకు చూరు, వాన పడకుండా. మా నానమ్మ పొగ పెట్టిన చేపని సంతలో అడిగి మరీ తీసుకునేవారు. మిగతావాళ్ళ చేప మసి వాసన వేసేది, ఈవిడది మాత్రం తేనెరంగు తేలి, చేత్తో పట్టుకుంటే చెయ్యి కూడా నాకాలనిపించేది.

నిప్పు రాజేయడానికి అగ్గిపెట్టె వాడితే ఆవిడకి నామోషీ. రాత్రి పొయ్యిలో బుగ్గి కప్పి పెట్టిన నిప్పుని పొద్దున్నే వెలికి తీసి, ఎండు సరుగుడు ఆకుల గుప్పిట్లో పెట్టి, ఊదుగొట్టంతో మూడంటే మూడు ఊదులు ఊదేది. నాలుగో ఊదు ఊదాల్సి వస్తే ఆ రోజంతా మొహం మాడ్చుకునే ఉండేది. ముందు సరుగుడు పుల్లలు, ఆ మీద మణికట్టు లావు కర్రలు. మంట ఉన్నంతసేపూ చేప దగ్గరికి రాకూడదు. కర్రలు కాలి ఎర్రటి నిప్పులయ్యాక వాటిని పక్కలకి నెట్టి, నడుమ తడి చేసిన కొబ్బరి డొక్కలు పేర్చి, గుప్పెడు ఊక చల్లి, నోటికి కుండపెంకు అడ్డం పెట్టేది. పెంకుకీ గోడకీ మధ్య రెండు వేళ్ళ సందు. ఆ సందులోనే విద్య అంతా ఉంది. వేడి చూడ్డానికి గోనె ఎత్తి చేప దగ్గర చెయ్యి పెట్టమనేది. ఇరవై లెక్కపెట్టేదాకా చెయ్యి ఓర్చుకుంటే సరి. పదికే లాక్కుంటే సందు తగ్గించు, ముప్ఫై దాకా ఏమీ అనిపించకపోతే సందు పెంచు. నాకు లెక్కలు బళ్ళో రాలేదు, పొగగూటి దగ్గర వచ్చాయి.

"నిప్పు గాలి తింటాదే లచ్చీ," అనేది. "తిండి ఎక్కువెడితే ఎగిరెగిరి పడతాది, తక్కువెడితే నిద్రపోతాది. అసలే పెట్టకపోతే సచ్చిపోతాది. దానికి ఆకలుంచాల, సంపకూడదు." చేప కొవ్వు కారి నిప్పు మీద పడితే భగ్గున మంట లేచేది. నేను కంగారుగా చెంబు అందుకునేదాన్ని. "ఓలమ్మ, నీళ్ళు సల్లకే! బుగ్గంతా సేపకి అంటుకుపోద్ది. నోరు మూసీ. గాలి నేకపోతే అదే సల్లారతాది," అని కసిరేది. కసురుతున్నప్పుడు ఆవిడ నోట్లోంచి పొగ వచ్చేది. మా పేట ఆడవాళ్ళందరిలాగే ఆవిడా అడ్డపొగ తాగేది, చుట్ట వెలిగించి నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. కళింగపట్నం వచ్చిన ఒక డాక్టరుగారు అది చూసి నోరు పుండు పడుతుందని హడలగొడితే, "నిప్పు నాకు సుట్టం బాబూ, నన్నేటి సేస్తాది" అని నవ్వేసింది. నిప్పుతో ఆవిడకున్న చుట్టరికం అలాంటిది. అందుకే ఆవిడ మాట మీద నాకు ఒక్కనాడూ అనుమానం రాలేదు, ఎవరికీ రాలేదు.

నూకాలత్త మా నాన్న చెల్లెలు. నాకంటే ఏడేళ్ళే పెద్ద. పెళ్ళయి వెళ్ళేదాకా ఇద్దరం ఒకే చాప మీద పడుకున్నాం. నా పేలు చూసింది తను, నాకు ఈత నేర్పింది తను, నేను చేప మాడ్చేస్తే నానమ్మ దగ్గర తన మీద వేసుకుని తిట్లు తిన్నదీ తనే. నవ్వు ఆపుకోలేని మనిషి. వంశధార అవతలి పేటకి ఇచ్చారు. తొలి కాన్పుకి మా ఇంటికి వచ్చింది. మగపిల్లాడు పుట్టాడు. నల్లగా నిగనిగలాడుతూ ఉన్నాడు, ఏడిస్తే పక్కింటి వాళ్ళు లేచి కూర్చునేవారు. "మావ గొంతు," అనేది అత్త మురిసిపోతూ. అంటే వాళ్ళాయన గొంతని.

పురిటిగది అంటే ఇంటి చివర గోడకి ఆనించి దింపిన చిన్న చాపు. ఒకటే తలుపు. కప్పు కింద ఉన్న చిన్న కంతని పాత వలగుడ్డతో కుక్కేశారు. బాలింతకి చలి తగలకూడదు, పరాయి కన్ను తగలకూడదు, పీడ దూరకూడదు. ఈ మూడింటికీ కలిపి ఒకటే మందు, తలుపు మూసి ఉంచడం. పురిటిస్నానం అయ్యేదాకా అవసరానికి తప్ప తలుపు తెరవకూడదని నానమ్మ ఆజ్ఞ. మంచం కింద కుంపటి ఉండాలి. అందులో కాస్త వామూ వెల్లుల్లి పొట్టూ చల్లేవారు. ఆ కుంపటికి నిప్పు మోసే పని నాది. ఊరికే మోయడం కాదు, ఏరడం. పురిటిగదికి పొగ వచ్చే నిప్పు పనికిరాదు, పసివాడి కళ్ళు మండుతాయి. కొబ్బరి చిప్పల నిప్పు, లోపల నల్లటి చుక్క లేకుండా అడ్డంగా ఎర్రబడినది, ఊదితే పొగ రానిది, అలాంటిది ఒక్కొక్కటే పట్టకారుతో ఏరి కుంపట్లో వేసేదాన్ని. మొదటి రోజు నానమ్మ నా కుంపటి మీద మొహం పెట్టి వాసన చూసి, "సుక్క పొగ నేదు. గుంటకి నిప్పు ఒంటబట్టినాది," అని మా అమ్మతో అంది. ఆ మెప్పు కోసం నేను ఏమైనా చేసేదాన్ని.

ఎనిమిదో రోజు. మూడు రోజులుగా ముసురు. అంతకు ముందు రోజు వల నిండా కవళ్ళు పడ్డాయి. పొగగూడు నిండిపోయి ఇంకా రెండు గంపలు మిగిలాయి. అమ్మ సంతకి వెళ్ళింది, నాన్న ఒడ్డున పడవలు పైకి లాగుతున్నాడు. నానమ్మా నేనూ పెరట్లో పొగగూటికి అంటుకుని ఉన్నాం. మధ్యాహ్నం అన్నాలయ్యాక గదిలోంచి నూకాలత్త కేకేసింది. "ఒసే లచ్చీ, సలేస్తందే. కుంపటి సల్లారిపోనాది." సగం నింపి ఇవ్వమని నానమ్మ అంది. నేను నిండా నింపాను. చలేస్తోందని అడిగింది మా అత్త, సగం కుంపటి ఎలా ఇస్తాను. ఒక్కటి కూడా పొగ రాకుండా ఏరి, కుంపటి అంచుదాకా పేర్చి తీసుకెళ్ళాను. గదిలో వెచ్చగా, పాలవాసనా వాము వాసనా. మంచం కింద పెట్టాను. వాడు పాలు తాగుతున్నాడు. "కూకోవే కాసేపు. ఒక్కదాన్నీ ఉన్నాను కాదేటి," అంది అత్త. "నిప్పు సూసుకోవాల, ఇప్పుడే వస్తాను," అన్నాను. తలుపు కింద సందులోంచి వానజల్లు లోపలికి కొడుతోంది. పోతూ పోతూ గోనె ముక్క మడిచి ఆ సందులో గట్టిగా కుక్కాను. ఎవరూ చెప్పలేదు. నా తెలివే.

ఇప్పుడే వస్తానన్న దాన్ని వెళ్ళలేదు. పొగగూట్లో కొవ్వు కారి మంట లేచింది. నోరు మూస్తే నిప్పు పడుకుంది, తెరిస్తే మళ్ళీ లేచింది. నానమ్మ ఒక పక్క, నేను ఒక పక్క, కళ్ళు నీళ్ళు కారుతుంటే దానితో కుస్తీ పట్టాం. ఎంతసేపో గుర్తులేదు. నిప్పు అదుపులోకి వచ్చాక నానమ్మ నడుం నిలబెట్టి, చెవి రిక్కించి, "పిల్లడు ఏడవడం నేదేటే ఈ యేళ?" అంది. ఇద్దరం చుట్టూ తిరిగి వెళ్ళాం. తలుపు బార్లా తీసి ఉంది. నూకాలత్త గడప మీద అడ్డంగా పడి ఉంది, సగం లోపల, సగం వానలో. వాంతి చేసుకుంది. నానమ్మ ఆవిడని దాటి లోపలికి వెళ్ళింది. పిల్లవాడు మంచం మీద నిద్రపోతున్నట్టే ఉన్నాడు. నల్లటి పిల్లాడి బుగ్గలు ఎర్రబడి, ఎప్పుడూ లేనంత అందంగా ఉన్నాడు. నానమ్మ వాడిని ఎత్తుకుంది. తల వాలిపోయింది. ఆవిడ అరిచిన అరుపు ఒడ్డున పడవలు లాగేవాళ్ళకి వినబడిందట.

"తలుపు ఎవులు తీసినారు?" నానమ్మ మొదటి మాట అదే. పిల్లాడి పేరు కాదు, దేవుడి పేరు కాదు. అత్తకి అప్పుడే కాస్త తెలివి వస్తోంది. "నేనేనమ్మా," అంది. "ఊపిరాడనేదు. తల తిరిగిపోనాది. నేవలేక పాక్కుంటూ వచ్చి తీసినాను." నానమ్మ తన చెంపలు తనే వాయించుకుంటూ కూలబడింది. కాన్పు చేసిన మంత్రసాని వచ్చి, పిల్లాడి బుగ్గల రంగు చూసి పెదవి విరిచింది. "పీడ కొట్టినాది. పురిట్లో తలుపు తీస్తే ఇంకేటవుతాది?" అంది. పేట పేటంతా అదే మాట. వాకిట్లో చేరిన ఆడవాళ్ళందరూ ఒక్కొక్కరూ గడప దాకా వచ్చి, తెరిచి ఉన్న తలుపుని చూసి వెళ్ళారు. మంచం కింద కుంపటిని ఎవరూ చూడలేదు. నేను చూశాను. గది ఖాళీ చేస్తున్నారని కుంపటి తీసి పెరట్లోకి తెచ్చాను. బుగ్గి తొలగిస్తే అడుగున నిప్పు ఇంకా ఎర్రగానే ఉంది, చుక్క పొగ లేదు. మంచి నిప్పు పారెయ్యడం మా ఇంట్లో తెలియదు. పొగగూటి నోట్లో గుమ్మరించాను. ఈ పని ఎందుకు చేశానో నన్ను నేను చాలాసార్లు అడిగాను. చెయ్యి అలవాటు పడిన పని చేసింది, అంతే.

మూడో రోజున నది దాటి నూకాలత్త అత్తవారు వచ్చారు. వాళ్ళ పెద్దావిడ వాకిట్లోనే నిలబడి, మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా, "సెప్పిన మాట ఇననోల్లు మా ఇంటికొద్దు" అనేసి వెనక్కి తిరిగింది. అత్త మొగుడు మెతక మనిషి. తర్వాత రెండుసార్లు వచ్చాడు. చూరు కింద కూర్చుని, ఇసకలో గీతలు గీసి, లేచి వెళ్ళిపోయాడు. మూడోసారి రాలేదు. మరుసటి ఏడు అతనికి మళ్ళీ పెళ్ళి చేశారని తెలిసింది. ఆ ఏడే మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడని బళ్ళో మాస్టారు చప్పట్లు కొట్టించారు. నేనూ కొట్టాను. మూసిన గదిలో నిప్పు పెడితే ఏమవుతుందో చెప్పినవాడు మాత్రం ఒక్కడూ లేడు. చంద్రుడు మాకు దగ్గరయ్యాడు కాని మా పురిటిగది ఎవరికీ కనబడలేదు.

నూకాలత్త మా ఇంట్లోనే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళ మనిషి నెల తిరక్కుండా ముసలిదయింది. ఎవరూ ఆవిడని రోజూ తిట్టలేదు, ఆ మాట అబద్ధం చెప్పను. మా వాళ్ళు కఠినులు కారు. కాని పేటలో ఏ ఇంట్లో పురుడు వచ్చినా ఆవిడే ఆ వీధి వదిలి చుట్టూ తిరిగి వెళ్ళేది. కొత్త కోడళ్ళకి నెలలు నిండితే చాలు, ముసలమ్మలు "నూకాలులాగ సెయ్యకండి" అని బుద్ధి చెప్పేవారు, ఆవిడ వింటుండగానే. ఆవిడ తలూపేది కూడా. శ్రీకాకుళం ఆసుపత్రిలో నాకు పెద్దవాడు పుట్టినప్పుడు ఎండలో బస్సు దిగి వచ్చింది. గేటు దగ్గరే నిలబడి, పాత చీరలతో కుట్టిన బొంత ఆసుపత్రి ఆయా చేతికిచ్చి పంపింది. లోపలికి రమ్మని మా ఆయన్ని పంపితే, "నా నీడ పడకూడదు నాయనా" అని వెళ్ళిపోయింది. నా పేలు చూసి నన్ను పెంచిన మనిషి నా కొడుకుని వాడు నడిచేదాకా ఎత్తుకోలేదు.

ఇప్పుడు మా పేటలో పొగగూళ్ళు లేవు. ఒడ్డుకి లారీ వస్తుంది, చేప ఐసులో కూర్చుని వెళ్ళిపోతుంది. పొయ్యిలో నిప్పు దాచుకునే పని లేదు, గ్యాసు మీట తిప్పితే చాలు. ఆడపిల్లలు ఆసుపత్రుల్లో కంటున్నారు, కిటికీలు తెరిచి ఉంటాయి, ఫ్యాను తిరుగుతుంది, పసివాళ్ళు చక్కగా ఏడుస్తారు. ఆ రోజులే వేరు, ఆ రుచులే వేరు అని నా ఈడు వాళ్ళు సభల్లో నిట్టూరుస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. రుచి సంగతి నిజమే. ఆ చేప మళ్ళీ తినలేదు. కాని ఆ రుచి పండించిన చేతులే, నిప్పు గాలి తింటుందని నాకు నేర్పిన మనిషే, ఎనిమిది రోజుల పిల్లాడున్న గదిలో గాలి రాకుండా కంత మూసింది. పొగగూటి దగ్గర తెలిసిన సంగతి పదడుగుల దూరంలో ఎందుకు తెలియకుండా పోయిందో! నానమ్మని తిట్టుకుందామని మొదలుపెడతాను, నాలుక నా మీదికే తిరుగుతుంది. కుంపటి పెట్టుకుని తలుపులు వేసుకుని పడుకున్నవాళ్ళు చనిపోయారని చలికాలంలో పేపర్లో ఎన్నోసార్లు వచ్చింది. పంతులమ్మని, రోజూ పేపరు చదివేదాన్ని. చదివి, అయ్యో పాపం అని పేజీ తిప్పాను.

విశాఖపట్నం నుంచి విజయనగరంలో మా ఇంటికి వచ్చాక వారం రోజులు ఆలోచించాను. చెప్పాలా వద్దా. నానమ్మ పోయింది, అమ్మానాన్నా పోయారు. నూకాలత్త ఒక్కతే ఉంది, మా తమ్ముడింట్లో, అదే పేటలో, డెబ్భై ఏడెనిమిదేళ్ళ మనిషి. ఆవిడ తప్పు చెయ్యలేదని తెలిసిన మనిషిని ఈ లోకంలో నేనొక్కదాన్నే. అది దాచుకుని చస్తే రెండో పాపం అనుకున్నాను. రైలెక్కి ఆమదాలవలసలో దిగి, రెండు బస్సులు మారి వెళ్ళాను. అత్త వాకిట్లో పట్టా మీద కూర్చుని చాటలో ఎండురొయ్యలు ఏరుతోంది. నన్ను చూసి, "ఏటే, సెప్పా పెట్టకుండా వచ్చినావు? ఒంట్లో బాగుందేటి?" అంది. పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో బస్సులో కట్టుకున్న మాటలన్నీ పోయాయి. నిప్పు నుంచి మొదలుపెట్టాను. పొగ లేని నిప్పులోంచి కూడా కంటికి కనపడనిది ఒకటి వస్తుందని, మూసిన గదిలో అది మనిషిని నిద్రపుచ్చి చంపుతుందని, బుగ్గలు అందుకే ఎర్రబడతాయని, మెల్లగా, పిల్లలకి చెప్పినట్టు చెప్పాను. ఆవిడ చెయ్యి చాటలో ఆగిపోయింది.

"అంటే పీడ కాదా?"

"కాదత్తా. కుంపటి. నిండా నిప్పు పోసింది నేను. తలుపు కింద గోనె కుక్కింది నేను. నువ్వు తలుపు తీసినావు గనకే బతికినావు. నీ తప్పేటీ నేదు."

"నువ్వప్పటికి సిన్న గుంటవి," అంది, నా మోకాలి మీద చెయ్యి వేసి. ఇసక మీద ఈగలు వాలుతున్నాయి. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడిస్తే పట్టుకుందామని దగ్గరికి జరిగాను. నేను తన మీది బరువు దించానని లోపల్లోపల నాకు కాస్త ఊరట కూడా కలిగింది, సిగ్గు లేకుండా.

"నాకు ముందే తల బరువెక్కినాది లచ్చీ," అంది అప్పుడు. "తలుపు తీద్దామనుకున్నాను. అమ్మ తిడతాదని ఆగినాను. వాడు పాలు ఒగ్గేసినాడు. నిద్దరపోనాడనుకున్నాను. మల్లా తీద్దామనుకున్నాను. మల్లా ఆగినాను." నా వంక చూసింది. "అప్పుడే తీసుంటే బతికుండునేటి?"

"నేదత్తా," అన్నాను. కాని వెంటనే అనలేకపోయాను. ఆ కాస్త ఆలస్యంలో ఆవిడ నా మొహం చూసేసింది.

"ఇన్నేళ్ళూ తలుపు తీసినానని ఏడిసినాను," అంది, అక్కడితో ఆపేసి, చాట ఒళ్ళోకి లాక్కుని రొయ్యలు ఏరుకోసాగింది.